సిగ్నల్ దగ్గర ఫోను తీస్తే ఎంత పడుతుంది?

ప్రశ్న: హైదరాబాదులో ఎనిమిదేళ్ళు కారు నడిపాను. ఇక్కడ బర్మింగ్‌హామ్‌లో పోయిన నెలే టెస్టు పాసయ్యాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వాట్సాప్ చూసుకున్నా ఫైన్ వేస్తారా?

జవాబు: వేస్తారు. 200 పౌండ్లు, లైసెన్సు మీద 6 పెనాల్టీ పాయింట్లు. ఆగగానే ఇంజను దానంతటదే ఆగిపోయే కారైనా, ఫోను ఫ్లైట్ మోడ్‌లో ఉన్నా, చేతిలో పట్టుకుని వాడితే చాలు. 2022 మార్చి 25 నుంచి ఫొటో తీయడం, పాట మార్చడం కూడా ఇందులోకే వచ్చాయి. మిగతా నిబంధనలు ప్రభుత్వ వెబ్‌సైట్లో ఉంటాయి, చూసుకోండి. మీరు అడగని సంగతి ఇంకొకటుంది, డబ్బంతా పోయేది అక్కడే.

కొత్తగా వచ్చినవాళ్ళందరిలాగే మీరూ ఎనిమిదేళ్ళ అనుభవం ముందు పెట్టారు. ఇక్కడి లెక్కలో అది సున్నా. ఇక్కడ టెస్టు పాసైన రోజు నుంచి రెండేళ్ళు మీరు కొత్త డ్రైవరే. ఆ రెండేళ్ళలో ఆరు పాయింట్లు పడితే లైసెన్సు రద్దు, ఫోనుకి ఆ ఆరూ ఒక్కసారే పడతాయి. మళ్ళీ ప్రొవిజనల్‌కి, అంటే నేర్చుకునేవాళ్ళ లైసెన్సుకి, ఫీజు, థియరీకి 23 పౌండ్లు, ప్రాక్టికల్‌కి 62, సాయంత్రాలూ శని ఆదివారాలూ అయితే 75. డబ్బు కట్టినా తేదీ దొరకడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా ఎల్ ప్లేట్లు అంటించుకుని, 21 ఏళ్ళు దాటి మూడేళ్ళుగా లైసెన్సున్న మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని నడపాలి. ‘ఎవరు చూస్తారులే’ అని ఒంటరిగా బయల్దేరారో, ఇన్సూరెన్సు చెల్లదు. దానికి విడిగా 300 పౌండ్లు, ఇంకో ఆరు పాయింట్లు. కారు కూడా పట్టుకుపోవచ్చు.

ఫోను వాడిన నేరానికి లైసెన్సు రికార్డులో సీయూ80 అనే కోడ్ వేస్తారు, నాలుగేళ్ళు ఉంటుంది. ఇన్సూరెన్సువాళ్ళు మాత్రం మామూలుగా ఐదేళ్ళ చరిత్ర అడుగుతారు. ఉన్నది చెబితే ప్రీమియం పెరుగుతుంది, దాస్తే రేపు యాక్సిడెంటయినప్పుడు క్లెయిమ్ ఎగ్గొడతారు. ఫైను ఒకసారి కట్టి మరిచిపోతారు, ఇది ఏటేటా కట్టాలి.

ఒళ్ళో పెట్టుకుంటే కనపడదనేది మనవాళ్ళ రెండో తెలివి. మోటర్‌వేల మీద పోలీసులు గుర్తులేమీ లేని లారీ క్యాబ్‌లో తిరుగుతారు. అంత ఎత్తు నుంచి మీ ఒడి తిన్నగా కనిపిస్తుంది.

ఫోను హోల్డర్‌లో పెట్టడం తప్పు కాదు. పెట్టే చోటే ముఖ్యం. అద్దానికి అంటించే రబ్బరు కప్పు చలి ఉదయాల్లో పట్టు వదులుతుంది. ఏసీ వెంట్‌కి తగిలిస్తే చలికాలంలో హీటర్ గాలి నేరుగా తగిలి ఫోను వేడెక్కి, ఛార్జింగ్ ఆగిపోతుంది. ఆ ఒక్క వెంట్ మూసేయండి. వైపర్లు తుడిచే అద్దంలో మీ ముందు భాగానికి మాత్రం ఏదీ అడ్డు పెట్టకండి. అడ్రసు, పాటలు, అన్నీ కారు కదలకముందే. గుంతలో కుదుపుకి ఫోను ఊడి కింద పడితే అక్కడే ఉండనివ్వండి. తీసి పట్టుకున్నారంటే మళ్ళీ మొదటికే వస్తారు.

గంటకి 30 మైళ్ళ వేగంలో కారు సెకనుకి 13 మీటర్లు పైగా పోతుంది. రెండు సెకన్లు స్క్రీను చూస్తే 27 మీటర్లు. ఆ వేగంలో ఆగడానికి హైవే కోడ్, అంటే ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం, చెప్పే మొత్తం దూరమే 23 మీటర్లు. మోటర్‌వే మీద 70లో పోతూ చూస్తే ఆ రెండు సెకన్లే 63 మీటర్లవుతాయి.

బ్లూటూత్‌లో మాట్లాడొచ్చు. కానీ ధ్యాస తప్పి బండి అదుపులో లేదని పోలీసులకి అనిపిస్తే 100 పౌండ్లు, 3 పాయింట్లు. ఊళ్ళో పొలం గట్టు తగాదా వింటూ రౌండెబౌట్‌లోకి దిగకండి.

అసలు ఫోను మోగే వేళ ఏది? మీరు సాయంత్రం ఐదున్నరకి ఆఫీసు నుంచి బయల్దేరితే ఇంటి దగ్గర చలికాలంలో రాత్రి పదకొండు, వేసవిలో పది. అమ్మ పడుకోబోతూ వీడియో కాల్ చేసేది సరిగ్గా అప్పుడే. ఐఫోన్‌లో డ్రైవింగ్ ఫోకస్ పెట్టి, కారు బ్లూటూత్ తగలగానే మొదలయ్యేలా చేసుకోండి. అది పంపే ‘నడుపుతున్నాను’ అనే జవాబు మెసేజ్‌లకే పోతుంది, వాట్సాప్‌కి పోదు. అమ్మేమో ఎత్తలేదని కంగారుపడి మళ్ళీ మళ్ళీ చేస్తుంది. కాబట్టి ఫలానా వేళ ఎత్తనని ముందే చెప్పి ఉంచండి.

మరీ అవసరమైతే పక్కవీధిలో పార్కింగ్ చోటు చూసుకుని, ఇంజను ఆపి మాట్లాడండి. మోటర్‌వే అయితే పక్కనుండే హార్డ్ షోల్డర్ (అత్యవసర లేను) మీద కాదు, సర్వీసెస్‌లోకి, అంటే దారిలో ఆగి విశ్రాంతి తీసుకునే చోటికి, వెళ్ళండి. అక్కడ మామూలుగా రెండు గంటలు పార్కింగ్ ఉచితం. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ కెమెరా నంబరు ప్లేటు చదువుతుంది, కబుర్లు రెండు గంటలు దాటితే దానికీ బిల్లు ఇంటికే వస్తుంది.