పెట్రోల్ వాసన వస్తున్నా మీటర్ పచ్చగానే ఉంటే – సమాధానం

మీ గాలి నాణ్యత మీటర్ పాడవలేదు. రేణిగుంట దగ్గర మీ ఇంటికి రాత్రిళ్లు పెట్రోల్ లాంటి వాసన వస్తున్నా మీటర్ పచ్చగానే ఉందన్నారు. అది కొలిచేది పీఎం 2.5, అంటే సన్నటి ధూళి. వాసన ఆవిరిది. మన ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) లెక్కలోకి వచ్చే 8 రకాల కాలుష్యాల్లో, పెట్రోల్ ఆవిరిలో ఉండే బెంజీన్ లేనే లేదు.

1. ముందు మీ బండి, జనరేటర్ చూసుకోండి.

2. వాసన వచ్చినప్పుడల్లా తేదీ, టైమ్ రాయండి.

3. అందరూ వదిలేసేది ఇదే: ఆ టైమ్ పక్కనే, గాలి ఎటునుంచి వస్తోందో కూడా రాయండి. మేడ మీద బట్టల తీగకి సన్నటి రిబ్బన్ కట్టండి. అది తూర్పుకి ఎగిరితే గాలి పడమటి నుంచి వస్తున్నట్టు. తిరగేసి రాసేస్తుంటారు, నేనూ వారం రోజులు అలాగే రాశాను. వాసన లేని రాత్రులూ రాయాలి, లేకపోతే పోల్చడానికేం ఉండదు.

4. రెండు వారాల కాగితం జతచేసి, బెంజీన్ శాంపిల్ తీయమని కాలుష్య నియంత్రణ మండలికి రాయండి. మన పరిమితి ఏడాది సగటున ఘనపు మీటరుకి 5 మైక్రోగ్రాములు. అమెరికాలో రిఫైనరీల కంచె పొడవునా గాలిలోని బెంజీన్‌ని పట్టే చిన్న ట్యూబులు పెట్టి, 14 రోజులకోసారి తీసి ల్యాబ్‌కి పంపుతారు. అలాంటి శాంపిలే కావాలని అర్జీలో స్పష్టంగా రాయండి.