హన్మకొండలో బోటిక్ హోటల్: మంగళవారం లెక్క చూసుకోండి

"హన్మకొండలో 500 గజాల జాగా ఉంది, 20 గదుల బోటిక్ హోటల్ కడితే నడుస్తదా?" అని అడిగారు. నడుస్తుంది. కాకపోతే పెళ్లిళ్లు, మేడారం చూసి లెక్క వేస్తే మునుగుతారు. జాతర రెండేళ్లకోసారి. ముహూర్తాల రోజు ఊళ్లో గది దొరకదు, ఆషాఢంలో, మూఢంలో అదే గది ఖాళీ. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినంక రామప్పకు పేరు పెరిగింది గానీ, హైదరాబాద్ వాళ్లు చాలామంది పొద్దున వచ్చి రాత్రికి ఇల్లు చేరేవాళ్లే. వాళ్లను ఒక రాత్రి ఆపాలంటే ఆరింటికే టిఫిన్ కట్టించి, కారు మీరే మాట్లాడిపెట్టాలి.

మామూలు మంగళవారం గది తీసుకునేది మెడికల్ రెప్‌లు, టెక్స్‌టైల్ పార్కు పని మీద వచ్చేవాళ్లు, ఇంజినీరింగ్ కాలేజీ నిట్‌కు వచ్చే బయటి ప్రొఫెసర్లు. వాళ్లకు కావాల్సింది నిశ్శబ్దం, వేడినీళ్లు, బిల్లు. ఆస్పత్రికి రోగుల వెంట వచ్చేవాళ్లు ఎందరున్నా మీ రేటుకు రారు, లాడ్జికి పోతారు.

20 గదులు ఇరికించకండి, 16 చాలు. నెలకు 480 గది-రాత్రులు. సగం నిండి, గదికి 2,500 వస్తే 6 లక్షలు. యాప్‌ల కమీషన్, జీతాలు, కరెంటు పోను మిగిలిన దాంట్లో బ్యాంకు కిస్తీ వెళ్తుందో లేదో చూసుకున్నాకే ముగ్గు పోయండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 7,500 దాకా గదికి జీఎస్టీ 5 శాతమే, కానీ ఇన్‌పుట్ క్రెడిట్ లేదు, అంటే మీరు కొన్నవాటి మీద కట్టిన పన్ను ఇందులో తగ్గించుకోలేరు. అందుకే ఏసీలు, పరుపుల కొటేషన్లు పన్నుతో కలిపే చూడాలి.

కట్టేటప్పుడు ఎక్కువగా చెడేది బాత్రూమే. అన్ని అంతస్తుల్లో ఒకదాని మీద ఒకటి రావాలి, పక్కన ప్లంబర్ మనిషి దూరేంత షాఫ్ట్ (పైపులు పోయే నిలువు సందు) ఉండాలి. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక టైల్స్ వేయకముందే 48 గంటలు నీళ్లు నిలబెట్టి, కింది స్లాబు తడి చూడండి. మేస్త్రీ "ఏం కాదు సార్" అంటాడు, వినకండి. పడకకు రోజుకు 180 లీటర్ల లెక్కన 32 పడకలకు దాదాపు 5,800 లీటర్లు. రెండు రోజులకు సరిపోవాలంటే సంపు కనీసం 12,000 లీటర్లు పట్టాలి. బోరు నీళ్లలో సున్నం ఎక్కువుంటే సాఫ్ట్‌నర్ తప్పదు, లేకుంటే షవర్ రంధ్రాలు, గీజర్ కాయిల్ త్వరగా పూడుకుపోతాయి.

సెల్లార్‌లో జనరేటర్, మెయిన్ ప్యానెల్ పెట్టొద్దు. 2020 ఆగస్టులో, 2023 జులైలో నయీంనగర్ నాలా పొంగి ఏం చేసిందో ఊరంతా చూసింది. ఎత్తు 15 మీటర్లు దాటితే ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ అనుమతి) వేరే కథ, ప్లాన్ గీసేముందే ఆర్కిటెక్ట్‌తో తేల్చుకోండి.

దుప్పట్లు, తువ్వాళ్లు గదికి మూడు సెట్లు: ఒకటి మంచం మీద, ఒకటి ఉతుకులో, ఒకటి బీరువాలో. పెళ్లి బృందం వస్తే తెల్ల తువ్వాళ్లు తీసేసి ముదురు రంగువి పెట్టండి, పసుపు, గోరింటాకు మరకలు లాండ్రీలో అంత తేలిగ్గా పోవు.