గాయంలోని బ్యాక్టీరియా ఏదో ల్యాబ్‌లో తేలలేదు.. మందు పనిచేస్తుందా?

ప్రశ్న: నా వయసు 52. షుగర్ ఉంది. పది రోజుల కిందట వీధి పిల్లి కుడిచేతి వేలిని రక్తం వచ్చేలా కరిచింది. పసుపు అద్ది, దగ్గర్లోని క్లినిక్‌లో టీటీ ఇంజెక్షన్ చేయించుకున్నాను. మూడో రోజుకు వేలు వాచి చీము పట్టింది. సర్జన్ చీము తీసి కల్చర్‌కు పంపారు. ‘గ్రామ్ పాజిటివ్ కోకై (ఒక రకం గుండ్రటి బ్యాక్టీరియా), జాతి నిర్ధారణ కాలేదు, సీక్వెన్సింగ్ (జన్యుక్రమం చదవడం) అవసరం’ అని రిపోర్టు వచ్చింది. కొత్త బ్యాక్టీరియా కావచ్చంటున్నారు. వాపు తగ్గుతోంది కానీ భయంగా ఉంది. పేరే తెలియని క్రిమికి మందు ఉంటుందా?
– ఓ పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: మీ ప్రశ్న కన్నా ముందు ఒక సంగతి. రేబిస్ టీకా వేయించుకున్నట్టు మీరు రాయలేదు. టీటీ ధనుర్వాతం రాకుండా మాత్రమే కాపాడుతుంది. కుక్క కాటుకు వేసే టీకాయే పిల్లి కాటుకూ వేయాలి. రక్తం వచ్చింది కాబట్టి గాయం చుట్టూ రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా అవసరం. పది రోజులు దాటిపోయాయి కదా అని ఊరుకోవద్దు. నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)కో, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికో ఈరోజే వెళ్లండి. ఏ జంతువు కరిచినా పసుపు, సున్నం పెట్టకూడదు. ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి.

ఇక బ్యాక్టీరియా సంగతి. పేరు తేలకపోయినా మందును ఎంచుకోవచ్చు. చీములో పెరిగిన బ్యాక్టీరియాను ప్లేటు మీద పరిచి, దానిపై యాంటీబయోటిక్ బిళ్లలు పెడతారు. మర్నాటికి ప్లేటంతా తెల్లటి పొర కమ్ముతుంది. పనిచేసే మందు చుట్టూ మాత్రం గుండ్రంగా ఖాళీ మిగులుతుంది. అయితే ఆ ఖాళీ ఎంత ఉంటే మందు పనిచేసినట్టో చెప్పే కొలతలు తెలిసిన జాతులకే ఖరారయ్యాయి. అందుకే మీ సర్జన్‌ను ఎంఐసీ పరీక్ష చేయించమని అడగండి. బ్యాక్టీరియాను అడ్డుకోవడానికి కనీసం ఎంత మందు కావాలో అది చెబుతుంది. మీ వాపు తగ్గుతోందంటే ఇప్పటి మందు పనిచేస్తున్నట్టే.

బ్రిటన్‌లో అచ్చం ఇలాంటిదే జరిగింది. 2020లో వీధి పిల్లి కరిచిన 48 ఏళ్ల వ్యక్తికి గంటల్లోనే రెండు చేతులూ వాచాయి. మందులిచ్చి పంపినా మర్నాటికి ముదిరి మళ్లీ ఆసుపత్రికి వచ్చాడు. సర్జరీ చేసి గాయాలు శుభ్రం చేశారు, నరానికి యాంటీబయోటిక్స్ ఎక్కించారు. తర్వాత జన్యుపరీక్షలో అది గ్లోబికాటెల్లా అనే బ్యాక్టీరియా ప్రజాతిలోని తెలియని జాతి అని, దగ్గరి బంధువులతో పోల్చినా జన్యుక్రమంలో సుమారు 20 శాతం తేడా ఉందని తేలింది. ఆ జాతికి పేరు లేకపోయినా మనిషి పూర్తిగా కోలుకున్నాడు. 2023లో ఈ కేసు ప్రచురితమైంది.

‘నిర్ధారణ కాలేదు’ అంటే కొత్తదని కాదు. ల్యాబ్‌లోని మాల్డీ-టాఫ్ యంత్రం బ్యాక్టీరియా ప్రోటీన్ల ముద్రను తన జాబితాతో సరిపోలుస్తుంది. జాబితాలో లేకపోతే చేతులెత్తేస్తుంది. ఎక్కువసార్లు అది అరుదైన పాత బ్యాక్టీరియానే అవుతుంది. తర్వాతి మెట్టు బ్యాక్టీరియాలన్నింటిలో ఉండే 16ఎస్ అనే జన్యువును చదవడం. అది సుమారు 1,500 డీఎన్‌ఏ అక్షరాల పొడవుంటుంది. తెలిసిన జాతులతో పోలిక 98.7 శాతం కన్నా తగ్గితే కొత్తదేమోనని అనుమానిస్తారు. అప్పుడు మొత్తం జన్యుక్రమం చదువుతారు. అందులోనూ పోలిక 95–96 శాతం లోపే ఉంటే వేరే జాతి కింద లెక్క. అధికారికంగా పేరు పెట్టాలంటే రెండు దేశాల కల్చర్ బ్యాంకుల్లో దాన్ని భద్రపరచి, వివరాలు ప్రచురించాలి. కొత్త బ్యాక్టీరియాను గుర్తించడం మన ఊరికి కొత్త కాదు. హైదరాబాద్ నుంచి ఎగరేసిన బెలూన్ తెచ్చిన ఆకాశపు గాలిలో మూడు కొత్త బ్యాక్టీరియా జాతులున్నట్టు 2009లో ప్రకటించారు. ఆ పరిశోధనలో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తల పాత్ర ఉంది.

ఆ కల్చర్‌ను పారేయకుండా దాచమని ల్యాబ్‌కు చెప్పించండి. శాంపిల్ లోపలి చీముదా, చర్మంపై తుడిచిందా అనీ అడగండి. పైన తుడిచినదైతే చర్మం మీది మామూలు బ్యాక్టీరియా కలిసి ఉండొచ్చు.

మీరు అసలు కనిపెట్టుకోవాల్సింది వేలిని. పిల్లి కోరలు సన్నగా ఉంటాయి. పైకి చిన్న గాటే కనిపించినా లోపల వేలిని ముడిచే టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటి భాగం) దాకా దిగొచ్చు. షుగర్ ఉన్నవారిలో అక్కడి ఇన్ఫెక్షన్ త్వరగా పాకుతుంది. షుగర్ రోజూ చూసుకోండి, మందుల కోర్సు మధ్యలో ఆపొద్దు. వేలు చాపితే విపరీతమైన నొప్పి వచ్చినా, ఎర్రటి చార మోచేతి వైపు పాకినా, చలిజ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.