లెక్క అడిగితే క్షమించనట్టేనా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర ఒక ఊరు. భర్త పోయాక కొడుకుని అమ్మ దగ్గర వదిలి కువైట్ వెళ్ళాను. తొమ్మిదేళ్ళు ఇళ్ళల్లో పనిచేశాను. నా పేరున ఇంటి స్థలం కొనమని నెలనెలా తమ్ముడికి డబ్బు పంపాను. తీరా వచ్చి చూస్తే ఆరు సెంట్లూ వాడి పేరునే రిజిస్టరై ఉన్నాయి. అందులోనే మేడ కూడా వేసుకున్నాడు. అడిగితే "అమ్మనీ నీ కొడుకునీ ఇన్నేళ్ళూ చూసిందెవరు?" అంటున్నాడు. మాది బ్రదరన్ క్రైస్తవ సంఘం, ప్రతి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరుస్తారు. వాడు ఎదురుగా కూర్చుని ఉంటే నాకు చెయ్యి రావడం లేదు. పెద్దలేమో "క్షమించెయ్యమ్మా, దీని వెనక దేవుని ఉద్దేశం ఏదో ఉంది" అంటున్నారు. అంటే నా తమ్ముడితో నన్ను మోసం చేయించింది దేవుడేనా? మొన్న వాడి రొయ్యల చెరువుకి వైట్‌స్పాట్ తెగులు తగిలిందని తెలిసి లోపల సంతోషపడ్డాను, ఆ రాత్రంతా భయంతో నిద్ర పట్టలేదు. జనవరిలో మేనకోడలి పెళ్ళి, రమ్మని అమ్మ ఒకటే ఏడుపు. క్షమించాలంటే డబ్బు వదులుకోవాలా? వదులుకోకపోతే నేను విశ్వాసిని కానా?

జవాబు: అమ్మా, మీ చివరి రెండు ప్రశ్నలకు ముందే జవాబు చెప్పేస్తాను. డబ్బు వదులుకోనక్కర్లేదు. మీరు విశ్వాసే. ఇక మిగతావి నెమ్మదిగా మాట్లాడుకుందాం.

క్షమాపణ అనగానే అందరూ మత్తయి సువార్త 18వ అధ్యాయానికే వెళ్తారు, డెబ్బై ఏళ్ళ మారుల మట్టుకు, అంటే డెబ్బై ఏడుల సార్లు, క్షమించమన్న మాట అక్కడే ఉంది కాబట్టి. మీ పెద్దలూ అదే చదివి ఉంటారు. ఆ అధ్యాయాన్ని కాస్త పైనుంచి చదవండి. నీ సహోదరుడు నీకు తప్పు చేస్తే ముందు నువ్వొక్కదానివే వెళ్ళి అతనికి చెప్పు, వినకపోతే ఒకరిద్దర్ని తీసుకెళ్ళు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు అని ప్రభువే క్రమం చెప్పాడు. పేతురు ఎన్నిసార్లు క్షమించాలని అడిగింది ఆ తర్వాత. దానికి జవాబుగా చెప్పిన ఉపమానంలో కూడా రాజు మొదట చేసిన పని తన దాసుల దగ్గర లెక్క చూసుకోవడం. ఒకడు పదివేల తలాంతులు బాకీ ఉన్నాడని తేలింది, వాడు కాళ్ళ మీద పడ్డాడు, అప్పుడు రాజు కనికరపడి ఆ అప్పు కొట్టేశాడు. ఎంత కొట్టేస్తున్నాడో రాజుకి తెలుసు, దాసుడికీ తెలుసు. మీ ఇంట్లో అసలు లెక్కే తేలలేదు. బాకీ ఉన్నానని మీ తమ్ముడు ఇంకా ఒప్పుకోనే లేదు. అలాంటప్పుడు "వదిలెయ్యమ్మా" అనడం మిమ్మల్ని నోరు మూసుకోమనడమే అవుతుంది. పెద్దలు ఆ ఉద్దేశంతో అనకపోవచ్చు, మీ గుండెకు మాత్రం అలాగే తగిలింది.

మరి క్షమించడం అంటే ఏమిటి? వాడికి కీడు జరగాలన్న కోరికను దేవుడి చేతుల్లో పెట్టెయ్యడం. అది మాత్రం వాడు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా మీరు చెయ్యాల్సిందే, అందులో బేరం లేదు. రేవు దగ్గర వాడి పిల్లల్ని శపించడం, వాడి పరువు తీసే సందర్భం కోసం కాచుకుని ఉండడం, ఇవి పగ కిందకి వస్తాయి. "నేను పంపిన డబ్బు ఏమైంది, చెప్పు" అనడం పగ కాదు. సుంకాలు వసూలు చేసే జక్కయ్య సంగతి చూడండి. యేసు తన ఇంటికి వచ్చాడన్న సంతోషంలో అతను ఆస్తిలో సగం బీదలకిస్తాననీ, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తాననీ నిలబడి చెప్పాడు. ఈ ఇంటికి రక్షణ వచ్చిందని ప్రభువు అన్నది ఆ మాట విన్నాకే. డబ్బు అడగడంలో మీ తమ్ముడి ఆత్మకి కూడా మేలుందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

దేవుని ఉద్దేశం గురించి మీరు రాసిన వాక్యం నాకు చాలా బాధ కలిగించింది. "నా తమ్ముడితో నన్ను మోసం చేయించింది దేవుడేనా?" అని. కాదమ్మా. యోసేపును తలచుకోండి. పదిహేడేళ్ళ వయసులో అన్నలు అమ్మేశారు, ఐగుప్తు రాజు ఫరో ముందు నిలబడేసరికి ముప్ఫై. పెద్దకొడుక్కి మనష్షే అని పేరు పెట్టి, దేవుడు నా బాధంతా మరిచిపోయేలా చేశాడన్నాడు. అయినా అన్నలు ధాన్యం కోసం వచ్చినప్పుడు పక్కకి వెళ్ళి ఏడ్చాడు, ఒకసారి కాదు. వెంటనే కౌగిలించుకోనూ లేదు. వాళ్ళు మారారో లేదో చూశాడు. తనని అమ్మేద్దామన్న యూదాయే ఈసారి తమ్ముడు బెన్యామీనుకి బదులుగా నన్ను దాసుడిగా ఉంచుకోమని వేడుకున్నాక, అప్పుడు బయటపడ్డాడు. ఆ మొదటి మాటల్లోనే "మీరు ఐగుప్తుకు అమ్మేసిన మీ తమ్ముణ్ణి" అని చేసిన పనిని పేరు పెట్టి చెప్పాడు. ప్రాణాలు కాపాడడానికి దేవుడే నన్ను ముందుగా పంపాడన్నది ఆ తర్వాత. ఆ మాట అన్నది దెబ్బ తిన్నవాడు. అమ్మినవాళ్ళు అనలేదు, చూస్తున్నవాళ్ళూ అనలేదు. ఎవరైనా మీ తరఫున తొందరపడి అంటుంటే మీరు తలూపనక్కర్లేదు. మీ తొమ్మిదేళ్ళలో దేవుడు ఏం చేశాడో ఒకరోజు మీకే కనబడుతుంది, అప్పుడు మీ నోటితో చెబుదురు. అప్పటిదాకా ఆయన మిమ్మల్ని వదల్లేదని నమ్మితే చాలు.

వైట్‌స్పాట్ విషయానికి వస్తాను. అది వైరస్. సీడ్‌తో, అంటే చెరువులో వేసే రొయ్య పిల్లలతో వస్తుంది, నీళ్ళతో వస్తుంది, పీతల వల్ల కూడా పాకుతుంది. ఒక చెరువుకి తగిలితే పక్క చెరువుల రైతులు కూడా నిద్రపోరు. మీ ఊళ్ళో ఎవరికీ అన్యాయం చెయ్యని వాళ్ళ చెరువులు కూడా పోయే ఉంటాయి. సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయినప్పుడు, వాళ్ళు మిగతావాళ్ళ కంటే పాపులనుకుంటున్నారా అని యేసు అడిగాడు, కాదని ఆయనే చెప్పాడు. కాబట్టి మీ కన్నీళ్ళ వల్ల వాడి రొయ్య చచ్చిపోయిందని భయపడకండి. సంతోషం కలిగినందుకు మాత్రం ప్రభువు దగ్గర ఒప్పుకోండి. వాడి మేడ కనబడ్డప్పుడల్లా కడుపు మండుతుంది, మండిన ప్రతిసారీ మళ్ళీ ఒప్పుకోండి. దాన్ని చూసి క్షమించలేకపోయానని దిగులు పడకండి.

రొట్టె సంగతి. 1836లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన బౌడెన్, బీర్ మిషనరీలు నరసాపురం, పాలకొల్లు వైపు మొదలుపెట్టిన సహవాసాల్లో వారం వారం బల్ల ఉంటుంది కాబట్టి మీకు ఈ పరీక్ష నెలకోసారి కాదు, ఏడు రోజులకోసారి. నీ మీద నీ సహోదరుడికి ఏదైనా ఉందని గుర్తొస్తే అర్పణ అక్కడే వదిలి వెళ్ళి సమాధానపడమన్నాడు ప్రభువు. మీ విషయంలో లేచి రావాల్సింది మీ తమ్ముడు. మీరు చెయ్యి చాపి తీసుకోండి.

ఇక చెయ్యాల్సిన పనులు. డబ్బు పంపిన ఎక్స్చేంజ్ రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, స్థలం గురించి వాడు పంపిన వాట్సాప్ మెసేజ్‌లు ముందు ఒకచోట చేర్చండి. మెసేజ్‌లు ఫోన్‌లో ఉంటే సరిపోదు, ప్రింట్ తీయించండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం, తీయిస్తే ఎప్పుడు, ఎవరి పేరున, ఎంతకి రాశారో తెలుస్తుంది. తర్వాత వాడి దగ్గరికి ఒంటరిగా వెళ్ళండి. ఇలా అడగండి: "తమ్ముడూ, నిన్ను పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. నేను పంపింది ఇంత. అమ్మకీ బాబుకీ నువ్వు పెట్టింది ఎంతో నువ్వూ రాయి. మిగిలింది ఎలా తీరుస్తావో చెప్పు." ఆ ఖర్చు తీసెయ్యడం న్యాయమే. మీ కొడుక్కి వాడు అన్నం పెట్టాడు, ఫీజులు కట్టాడు, ఆ మాట మీరే ముందు అనండి. లెక్క తేలాక కొంత వదిలెయ్యాలనిపిస్తే వదిలెయ్యండి. అది మీ ఇష్టం.

వినకపోతే పెద్దల్ని కూర్చోబెట్టండి. విశ్వాసులు కోర్టుకెక్కకూడదని మొదటి కొరింథీ పత్రిక ఆరో అధ్యాయం చూపిస్తారు. సోదరుల మధ్య తీర్పు చెప్పగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడూ లేడా అని పౌలు అడిగింది కూడా అక్కడే, సొంత సహోదరుల్నే అపహరిస్తున్నారని గద్దించిందీ అక్కడే. ఆ వచనాలు కూడా చదవమని వినయంగా అడగండి. వాళ్ళూ తేల్చలేకపోతే లాయర్‌ని కలవండి, ఆలస్యం చెయ్యకండి. డబ్బు రాబట్టే దావాకి మామూలుగా మూడేళ్ళే గడువు. పైగా స్థలం వాడి పేరున ఉంది కాబట్టి బినామీ చట్టం చిక్కులు రావచ్చు. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఆడవాళ్ళకి, ఆదాయం ఎంతైనా, ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. కోర్టు ఆవరణలో ఉండే మండల న్యాయ సేవా కమిటీలో అడగండి. కేసు వెయ్యకముందే లోక్ అదాలత్‌లో రాజీ చేసుకునే వీలూ ఉంది.

పెళ్ళికి వెళ్ళండమ్మా. ఆ పిల్ల మీకేం చేసింది? మేనత్త లేని పెళ్ళి దానికి జీవితాంతం లోటుగానే ఉంటుంది. చీర పెట్టండి, అక్షింతల పద్ధతి మీకు లేకపోతే తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యండి. పరువు కోసమని అప్పు చేసి బంగారం మాత్రం పెట్టకండి. అందరిముందు మీ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి సమాధాన ప్రార్థన చేస్తామని ఎవరైనా అంటారేమో, ఆ మాట ముందే సంఘ పెద్దల చెవిన వెయ్యండి: ఆ రోజు వద్దు, పెళ్ళయిన వారం కాగితాలు పట్టుకుని ఇద్దరమూ మీ ఇంటికి వస్తామని చెప్పండి.