మచ్చలు రాలిన రోజే జాగ్రత్త

భీమవరం

చిరంజీవి శ్రీనుకు మామయ్య ఆశీస్సులు.

మీ ఇంట్లోని సముద్రపు చేపల తొట్టెది నువ్వు పంపిన వీడియో ఆపి ఆపి చూశాను. నీలి సర్జన్ చేప తోక మొదట్లోనూ, పక్క రెక్కల అంచుల మీదా ఉప్పు రవ్వంత తెల్లని చుక్కలు విడివిడిగా కనిపిస్తున్నాయి. మధ్యమధ్యలో వెళ్లి రాతికి ఒళ్లు రాసుకుంటోంది. క్లౌన్ చేపలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. ఇది క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి తెచ్చే తెల్లమచ్చ రోగమే అనిపిస్తోంది. ఇంకా చేయిదాటిపోలేదు. కానీ దుకాణంలో ఇచ్చిన మందు సీసా మూత తీయకు. పెద్ద తొట్టెలో ఒక్క చుక్క కూడా పోయకు.

తెల్లమచ్చ అనేసరికి, రొయ్యల చెరువున్న మీ నాన్న కంగారుపడ్డాడని అమ్మ చెప్పింది. ఆయనకు చెప్పు: రొయ్యల చెరువులను ఊడ్చేసే తెల్లమచ్చ వైరస్ వల్ల వస్తుంది. నీ చేపలకు వచ్చింది ఏకకణ జీవి వల్ల. ఇది చేపలకే పడుతుంది, రొయ్యల జోలికి రాదు. పేరొక్కటే కలిసింది కాబట్టి చెరువు మందులేవీ ఇంట్లో తొట్టెకు పనికిరావు. చేపల చెరువుల్లో పేను పడితే వాడే పురుగుమందు చుక్క పడిందంటే నీ తొట్టెలో రొయ్యలూ పీతలూ చస్తాయి, ఈ పురుగుకు మాత్రం ఏమీ కాదు.

ఈ జీవి బతుకు ఎలా నడుస్తుందో తెలిస్తేనే వైద్యం అర్థమవుతుంది. చేప చర్మం కిందకు దూరి 3 నుంచి 7 రోజులు తింటుంది. మనకు కనిపించే తెల్లచుక్క అదే. కడుపు నిండాక, ఎక్కువగా చీకటి వేళ, చేపను వదిలి ఇసుక మీదో అద్దం మీదో అతుక్కుని చుట్టూ గట్టి పొర కట్టుకుంటుంది. లోపల ఒకటి వందలవుతుంది. ఆ పిల్లలు బయటపడి ఒకటి రెండు రోజుల్లో చేపను పట్టుకోలేకపోతే చచ్చిపోతాయి. మందు పనిచేసేది అవి నీళ్లలో ఈదే ఆ కాస్త సమయంలోనే. చర్మం కింద ఉన్నదాన్నీ, పొరలో ఉన్నదాన్నీ ఏ మందూ తాకలేదు.

కాబట్టి ఏమీ చేయకపోయినా వారంలోపు మచ్చలు రాలిపోతాయి. సరిగ్గా ఆ రోజే జనం మోసపోతారు. వెల్లుల్లి కలిపిన మేత పెట్టినవాడు వెల్లుల్లిని మెచ్చుకుంటాడు, చేప ఒంటి మీది పురుగులను తింటుందని క్లీనర్ రొయ్యను కొన్నవాడు రొయ్యను మెచ్చుకుంటాడు. యూవీ దీపం నీళ్లలో ఈదే పిల్లల సంఖ్యను కొంత తగ్గిస్తుంది, అంతకు మించి ఆశించకు. రాలిన ప్రతి మచ్చా తొట్టె అడుగున పిల్లలు పెడుతోందని గుర్తుంచుకో. తర్వాతి విడత మొప్పల మీద పడుతుంది. చేపలు పోయేది అప్పుడే.

ఇక పని మొదలుపెట్టు. మచ్చలు లేని క్లౌన్ చేపలతో సహా చేపలన్నిటినీ వేరే తొట్టెలోకి తీసేయి. ఒక్క చేప మిగిలినా పురుగుకు అన్నం దొరికినట్టే. పగడాలు, అనిమోన్, నత్తలు, రొయ్యలు పెద్ద తొట్టెలోనే ఉండనీ. అక్కడ చేప అన్నది లేకుండా 76 రోజులు గడవాలి. కొన్ని పొరలు పగలడానికి 72 రోజుల దాకా పట్టినట్టు పరిశోధకులు నమోదు చేశారు కాబట్టి ఆ లెక్క. మన రైతులు పంటకూ పంటకూ మధ్య చెరువు నెర్రెలు విచ్చేదాకా ఎండగట్టినట్టే ఇదీ. నీ తొట్టెలో నీళ్లు తీయడానికి లేదు కాబట్టి పురుగును ఆకలితో మాడ్చాలి. ఈలోగా రొయ్యలకు రోజూ చిటికెడు మేత వేస్తూ ఉండు, లేకపోతే రాళ్లలోని మంచి బాక్టీరియా కూడా ఆకలితో పోతుంది. ముప్పై రోజులకే ఓపిక పోయి చేపలను తిరిగి వేసేవాళ్లను చాలామందిని చూశాను. నువ్వు అలా చేయవని నమ్ముతున్నాను.

వైద్యం చేసే తొట్టెలో ఇసుకా రాళ్లూ వద్దు, అవి మందుగా వేసే రాగిని పీల్చేస్తాయి. చేపలు దాక్కోవడానికి పీవీసీ ఎల్బోలూ టీలూ వేస్తే చాలు. స్పాంజి ఫిల్టరు, గాలి పంపు పెట్టు. ఫిల్టర్లో బొగ్గు ఉంటే తీసేయి. మీ అమలాపురంలో గాలివాన వస్తే కరెంటు ఎంతసేపు పోతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. బ్యాటరీతో నడిచే గాలి పంపు కొనకుండా చేపలను అందులోకి దించకు. ఎండాకాలంలో నీళ్లు 30 డిగ్రీలు దాటితే ప్రాణవాయువు తగ్గుతుంది, మొప్పలు దెబ్బతిన్న చేపకు అది ఇంకా కష్టం. పైనుంచి చిన్న ఫ్యాను గాలి నీటి మీదకు తగిలేలా పెట్టు. ఆవిరయ్యే నీటికి బదులు మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు పోస్తే ఉప్పదనం పెరిగిపోతుంది.

మందు విషయానికి వస్తే నాకు నమ్మకమైంది రాగే. ఎరువుల కొట్లో దొరికే మైలుతుత్తం కూడా రాగే కదా అని ఎవరో ఒకరు నీకు చెప్పకమానరు. సముద్రపు నీటిలో అది నిలవదు. కార్బొనేట్లతో కలిసి అడుగుకు దిగిపోతుంది, తగ్గిందని ఇంకాస్త వేస్తే చేపే పోతుంది. చేపకు మేలు చేసే మోతాదుకూ చంపే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. కీలేటెడ్ కాపర్, అంటే నీటిలో నిలిచేలా తయారుచేసిన రాగి మందు తెప్పించుకో. ఒక్కసారిగా కాకుండా మూడు నాలుగు రోజుల్లో మెల్లగా 2.25 నుంచి 2.5 పీపీఎంకు (లీటరుకు మిల్లీగ్రాములు) తీసుకువెళ్లి, అక్కడే 30 రోజులు నిలబెట్టు. 2 కంటే కిందకు జారితే లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచే. రంగు చూసి అంచనా వేసే కిట్లతో ఈ పని కాదు, అంకె చూపించే డిజిటల్ కాపర్ చెకర్ కొను. మందు ఖర్చు కంటే దాని ఖర్చు ఎక్కువైనా సరే.

కొత్త తొట్టెలో రోగం కంటే ముందు అమ్మోనియా చంపుతుంది. రోజూ పరీక్షించు, కనిపించిన వెంటనే నీళ్లు మార్చు. మార్చే నీటిలో కూడా అదే మోతాదులో రాగి ముందే కలిపి ఉంచాలి. అమ్మోనియాను కట్టేస్తామని చెప్పే మందులను రాగితో కలపకు, కొన్ని రకాల రాగి వాటితో విషమవుతుంది. రాగి నీళ్లను పంట బోదెలోకో చెరువు గట్టునో పారబోయకు. మీ నాన్న చెరువులోని సీడుకు, అంటే రొయ్య పిల్లలకు, అది మంచిది కాదు.

సర్జన్ చేప రాగిలో మేత మానేస్తే నాచు రేకులు క్లిప్పుకు గుచ్చి పెట్టు. అప్పటికీ తినకపోతే రాగి తీసేసి తొట్టెలు మార్చే పద్ధతికి వెళ్లు. మూతలున్న ప్లాస్టిక్ టబ్బులు రెండు చాలు. ప్రతి 72 గంటలకు ఒకసారి చేపను శుభ్రమైన టబ్బులోకి, కొత్తగా కలిపిన ఉప్పునీటిలోకి మార్చాలి. అలా నాలుగుసార్లు. పాత టబ్బునూ, వలనూ, గొట్టాలనూ కడిగి ఎర్రటి ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. చేపను వదిలిన పురుగు పొర కట్టుకుని పిల్లలు చేసేలోపే చేప అక్కడ ఉండదు. మందు లేని వైద్యం, కానీ గడియారం తప్పితే ఫలితం ఉండదు.

ఇప్పుడు చెప్పబోయేది మరీ శ్రద్ధగా చదువు. రేపు చేప మీద విడి చుక్కలకు బదులు సన్నని ధూళి పొరలా కనిపిస్తే అది వెల్వెట్ రోగం, అంటే అమైలూడినియం అనే మరో పరాన్నజీవి. రాత్రి దీపాలన్నీ ఆర్పి, టార్చిని పక్కవాటుగా పట్టుకుని చూడు. ఎదురుగా చూస్తే కనిపించని పొర అలా చూస్తే పసుపు కలిసిన బూడిద రంగులో మెరుస్తుంది. చాలాసార్లు అది మొప్పల్లోనే ఉండి, ఒంటి మీద కనబడకముందే చేప చస్తుంది. కాబట్టి నడత చూడు: మొప్పలు వేగంగా ఆడిస్తూ పంపు ధారకు ఎదురుగా నిలబడుతుంది, వెలుతురుకు దూరంగా జరుగుతుంది, మేత దగ్గరకు రాదు. అలాంటప్పుడు తెల్లవారేదాకా ఆగకు. అదే ఉష్ణోగ్రతకు, అదే పీహెచ్‌కు తెచ్చి గాలి పట్టించిన మంచినీటిలో అయిదు నిమిషాలు ముంచి, నేరుగా రాగి మందు వేసిన తొట్టెలోకి వేసేయి. ఉప్పదనాన్ని సాంద్రత లెక్కలో 1.009కి తగ్గించే వైద్యం తెల్లమచ్చకు పనిచేస్తుంది గానీ వెల్వెట్‌కు పనిచేయదు. రెండింటికీ తేడా తెలియని వాడు ఆ దారి పట్టకూడదు.

అదే మంచినీటి స్నానంలో తెల్లబడిన చిన్న రేకులు చేప ఒంటి నుంచి గిన్నె అడుగుకు రాలితే అవి ఫ్లూకులు అనే చదును పురుగులు. వాటికి ప్రాజిక్వాంటెల్ అనే పురుగుల మందు లీటరుకు 2.5 మిల్లీగ్రాములు, వారానికి మళ్లీ ఒకసారి. క్లౌన్ చేప ఒంటి నుంచి జిగురు పొరలు పొరలుగా ఊడితే బ్రూక్లినెల్లా అనే పరాన్నజీవి, దానికి ఫార్మలిన్ స్నానం కావాలి. అది నువ్వు ఒంటరిగా చేయకు, నాకు ఫోను చెయ్యి.

ఏ చేపైనా పోతే పారేయకు. ప్లాస్టిక్ సంచిలో పెట్టి మంచు పెట్టెలో వెంటనే దగ్గరి ఆక్వా ల్యాబుకు తీసుకెళ్లు. మొప్ప ముక్కను మైక్రోస్కోపు కింద చూస్తే ఏ పురుగో తేలిపోతుంది. ఆలస్యమైతే పురుగులు చచ్చిన చేపను వదిలేస్తాయి, అప్పుడు చూసినా ఏమీ ఉండదు.

అంతర్వేది నుంచి సముద్రపు నీళ్లు క్యాన్లలో తెస్తానన్నావు. వద్దు అల్లుడూ. గోదావరికి వరద వచ్చిన రోజుల్లో ఎర్రనీరు సముద్రంలోకి దూరంగా పాకుతుంది, ఉప్పదనం పడిపోతుంది. అది బాగున్న రోజుల్లోనూ పచ్చి సముద్రపు నీటితో ఈ పురుగులే రావచ్చు. ఆర్వో నీటిలో తొట్టెకోసం అమ్మే ఉప్పు కలుపుకో. మీ నాన్న చెరువు దగ్గర ఉప్పదనం కొలవడానికి వాడే రిఫ్రాక్టోమీటరు అడిగి తీసుకుని, ముందు ఆర్వో నీటి చుక్కతో సున్నా సరిచేసుకుని 35 పీపీటీకి (వెయ్యి భాగాల్లో 35 భాగాల ఉప్పు) తెచ్చుకో.

76 రోజులు నిండాక కూడా ఖరీదైన చేపను ముందు వేయకు. బ్లాక్ మోలీ ఒకటి కొని కొద్ది గంటలపాటు ఉప్పునీటికి అలవాటు చేసి పెద్ద తొట్టెలో వదులు. మంచినీటి నుంచి వచ్చింది కాబట్టి ఈ రోగాలు మోసుకురాదు, తొట్టెలో ఉంటే మాత్రం దానికి అంటుతాయి, నల్లని ఒంటి మీద చిన్న చుక్క కూడా దాగదు. రెండు వారాలు అది శుభ్రంగా ఉంటే నీ చేపలను తిరిగి వేయి. ఆ తర్వాత కొనే ప్రతి చేపనూ ముందు నెల రోజులు వేరే తొట్టెలో ఉంచు. పగడాలూ నత్తలూ కూడా పొరలు మోసుకొస్తాయి, వాటినీ చేపలు లేని తొట్టెలో 76 రోజులు ఉంచితేనే మంచిది.

ఈ రాత్రికి టబ్బులూ, ఎల్బోలూ, ఉప్పూ సమకూర్చుకో. కాపర్ చెకర్ నా దగ్గర ఒకటి అదనంగా ఉంది, రేపు పొద్దున బస్సులో పంపిస్తాను. మొదటి రోజు నుంచీ రాగి, అమ్మోనియా, ఉప్పదనం మూడూ ఒక పుస్తకంలో రాసి, ఆ పేజీ ఫోటో నాకు రోజూ పంపు.

అమ్మకూ నాన్నకూ నా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు
మీ మామయ్య