చిట్టికి ఎండ చాలట్లేదు

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి హైదరాబాద్‌లో ఎవరి దగ్గరో కొని, ‘ఫింగర్ మంకీ’ అంటూ ఓ బుల్లి కోతిని తెచ్చాడు. దాన్ని నాకు అప్పగించి ఉద్యోగానికి వెళ్లిపోయాడు. చెవుల దగ్గర తెల్ల కుచ్చులు, తోక మీద చారలు. చిట్టి అని పిలుస్తున్నాం. చక్కెరకేళి, పాలన్నం ఇష్టంగా తింటుంది. చిలక పంజరంలో పెట్టి, ఎండ తగిలేలా అద్దాల కిటికీ పక్కన ఉంచుతున్నాను. ఈమధ్య ఎగరడం మానేసి వెనక కాళ్లు ఈడుస్తోంది. టెన్షన్‌గా ఉంది డాక్టరుగారూ.
– ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు కాళ్ల సంగతి. మీరు రాసినదాన్ని బట్టి ఎముకలు మెత్తబడ్డాయేమోనని నా అనుమానం. ఈ జాతికి విటమిన్ డి3 బాగా కావాలి. మొక్కల్లో, శిలీంధ్రాల్లో దొరికే డి2 దీని ఒంటికి సరిగ్గా పట్టదు. ఎండ తగిలితే డి3 ఒంట్లోనే తయారవుతుంది గానీ, అందుకు కావలసిన యూవీబీ (ఎండలోని ఓ రకం అతినీలలోహిత) కిరణాలను కిటికీ అద్దం ఆపేస్తుంది. వెలుగు పడుతుంది, వేడి తగులుతుంది, అసలు పని మాత్రం జరగదు. పాలన్నం, అరటిపండు ఆ లోటు తీర్చలేవు.

పడి ఎముక విరిగినా ఇలాగే ఈడుస్తుంది కాబట్టి ఆలస్యం చేయకుండా ఎక్స్‌రే తీయించండి. అప్పటిదాకా ఎత్తాల్సి వస్తే అరచెయ్యి కింద ఆనించి ఎత్తండి. మెడికల్ షాపులో డి చుక్కలు కొని మీరే పోసేయకండి, మోతాదు మించితే కిడ్నీలు దెబ్బతింటాయి. పొద్దుటి ఎండలో, అద్దం అడ్డం లేకుండా, సగం నీడ ఉండేలా కాసేపు పెట్టండి. మధ్యాహ్నపు ఎండలో మాత్రం పెట్టొద్దు.

ఇక అమ్మినవాడు చెప్పిన పేరు. ఫింగర్ మంకీ అనేది అమెజాన్ అడవుల్లోని పిగ్మీ మార్మోసెట్ అనే బుల్లి కోతిని. అది పెద్దయినా వంద గ్రాముల పైచిలుకే. తెల్ల కుచ్చులంటే మీది ఈశాన్య బ్రెజిల్‌కు చెందిన కామన్ మార్మోసెట్ అయి ఉంటుంది. మూడు వందల గ్రాములు దాటి పెరగొచ్చు. చిలక పంజరం దీనికి జైలే. నిలువుగా ఎక్కి దూకేంత ఎత్తున్న బోను, లోపల కొమ్మలు ఉండాలి.

దాని కింది పళ్లు ఓసారి చూడండి, సన్నగా పొడుగ్గా ఉంటాయి. చెట్టు బెరడును వాటితో గీరి, కారిన బంకను నాకుతుంది. అడవిలో దాని ముఖ్యమైన తిండి అదే. రంగు, వాసన కలపని తుమ్మబంక కొని, నీళ్లలో నానబెట్టి కొమ్మకు పూయండి. ఉడికించిన గుడ్డు కొద్దిగా పెట్టండి. అరటిపండు గోరంత ముక్క చాలు. మిడతల్నీ తింటుంది గానీ వరిచేలల్లో పట్టి తేవద్దు. పురుగుమందు కొట్టని చేను మన కోనసీమలో ఎక్కడుందో నాకైతే కనబడలేదు.

వీటిది ఉమ్మడి కుటుంబం. సాధారణంగా కవలలు పుడతారు, తండ్రి కూడా పిల్లల్ని వీపున మోస్తాడు. ఒంటరి మార్మోసెట్ మనుషులతో ఎంత చనువుగా ఉన్నా కుంగిపోతుంది. అలాగని తోడుకు ఇంకోదాన్ని కొనకండి. ఆ బేరాన్ని మనమే పెంచినట్టవుతుంది. కాలు కుదురుకున్నాక, ఇలాంటివాటిని గుంపుగా ఉంచగల చోటికి పంపడమే మేలు అంటాను.

కాగితాల సంగతి మీ అబ్బాయిని గట్టిగా అడగండి. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో ఇలాంటి విదేశీ జంతువులు ఇంట్లో ఉంటే కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ అనే వెబ్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. 2024లో దానికి నియమాలూ వచ్చాయి. అమ్మినవాడు బిల్లూ పత్రాలూ ఇవ్వకపోతే, ఎవరో ఫిర్యాదు చేసేదాకా ఆగకుండా మీరే అటవీశాఖ వాళ్లకు చెప్పండి.

ఈలోగా ఇంట్లో ఎవరికైనా పెదవి మీద జ్వరపు పొక్కులు లేస్తే చిట్టి దగ్గరికి పోనివ్వకండి. మనకు కొద్ది రోజుల్లో మానిపోయే ఆ పొక్కుల్లోని హెర్పిస్ వైరస్ దాని ప్రాణం తీస్తుంది. ముద్దులు ఎవరూ పెట్టొద్దు, సెలవులకు వచ్చే మనవలతో సహా.