ఎర్ర గీత రాలేదంటే స్పెల్లింగ్ సరైనట్టేనా?

ప్రశ్న: బైక్ సర్వీస్ సెంటర్‌లో పనిచేస్తున్నాను. కస్టమర్లకు ఇంగ్లిష్‌లో మెయిల్స్ పంపాలి. బ్రేక్, ప్రిన్సిపల్, స్టేషనరీ లాంటి పదాల్లో ఒక స్పెల్లింగ్‌కి బదులు ఇంకోటి రాసేస్తున్నాను. వర్డ్‌లో ఎర్ర గీత కూడా రావడం లేదు. స్పెల్ చెక్ పాడైందా? వేరే యాప్ ఏదైనా వేసుకోవాలా?

జవాబు: స్పెల్ చెక్ బాగానే ఉంది. మీరు కొట్టిన పదం డిక్షనరీలో ఉందా, లేదా అన్నదే అది చూస్తుంది. బండి ఆపే బ్రేక్ బి-ఆర్-ఎ-కె-ఇ. విరగడానికి, విరామానికి వాడేది బి-ఆర్-ఇ-ఎ-కె. రెండూ డిక్షనరీలో ఉన్నవే కాబట్టి ఏది కొట్టినా ఎర్ర గీత రాదు. విన్నది విన్నట్టు రాసే భాష మనది. తెలుగులో రాస్తే రెండూ ఒకటే. అందుకే ఈ తికమకకు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

కొత్త యాప్ అక్కర్లేదు. వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్‌లోకి వెళ్లండి. రైటింగ్ స్టైల్ పక్కనున్న సెట్టింగ్స్ నొక్కితే ‘కామన్లీ కన్‌ఫ్యూజ్డ్ వర్డ్స్’ కనిపిస్తుంది. దానికి టిక్ పెట్టండి. గూగుల్ డాక్స్‌లో అయితే టూల్స్‌లోని స్పెల్లింగ్ అండ్ గ్రామర్‌లో ‘షో గ్రామర్ సజెషన్స్’ ఆన్ చేయండి. ఇవి పక్క పదాలను కూడా చూసి నీలి గీత గీస్తాయి. అయినా కొన్ని తప్పించుకుంటాయి.

నాకు బాగా పనికొచ్చేది ఆటోకరెక్ట్. ప్రూఫింగ్‌లోనే ఆటోకరెక్ట్ ఆప్షన్స్ ఉంటుంది. ‘రీప్లేస్’ గడిలో తప్పు స్పెల్లింగ్‌తో ‘బ్రేక్ ప్యాడ్స్’ అని, ‘విత్’ గడిలో సరైన స్పెల్లింగ్‌తో అదే మాట ఇవ్వండి. ఇక ఎప్పుడు తప్పు కొట్టినా అదే సరిచేస్తుంది. ఒక్క జాగ్రత్త: ఎప్పుడూ రెండు పదాలు కలిపే ఇవ్వండి. ఒక్క ‘బ్రేక్’ మాత్రమే ఇచ్చారో, మీరు రాసే ‘టీ బ్రేక్’ కూడా బండి బ్రేక్ అయిపోతుంది!

తప్పులు పట్టడానికి మామూలుగా ‘రీడ్ అలౌడ్’ పెట్టుకుని వినమంటాను. ఇక్కడ మాత్రం అది దండగ. రెండూ ఒకేలా వినిపిస్తాయి కదా. దానికి బదులు మీరు తడబడే పదాలు నాలుగైదు కాగితం మీద రాసి పెట్టుకోండి. మెయిల్‌ను వర్డ్‌లోనో డాక్స్‌లోనో రాసుకుని, పంపేముందు కంట్రోల్ ఎఫ్ కొట్టి ఒక్కోటీ వెతికి చూడండి. నిమిషం కూడా పట్టదు.

మీరడిగిన మిగతా రెండూ: కాలేజీ ప్రిన్సిపల్‌కీ, లోన్‌లో అసలుకీ చివర పి-ఎ-ఎల్. సూత్రం, నియమం అన్నప్పుడే పి-ఎల్-ఇ. పెన్నులు, కాగితాల స్టేషనరీకి చివర ఇ-ఆర్-వై. ఎన్వలప్‌లో మొదటి అక్షరం ఇ అని గుర్తుపెట్టుకోండి. కదలకుండా ఆగి ఉన్న బండికి ఎ-ఆర్-వై.

ఫోన్‌లో వాయిస్ టైపింగ్ వాడుతుంటే పదం పదం ఆపి చెప్పకండి. వాక్యం మొత్తం ఒకేసారి చెప్పండి. పక్కన ‘ప్యాడ్స్’ అన్న మాట వినబడితేనే మీరు చెప్పింది ఏ బ్రేకో దానికి తెలిసే వీలుంటుంది.